సీటు మార్చాం కదమ్మా, ఇంకేం చెయ్యమంటారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే సంగతి మీద ఉన్నాయి, స్కూల్లో ఒక పిల్లవాడు తోటి పిల్లల్ని లైంగికంగా వేధించడం. మూడూ చెన్నై నుంచే. ఒకటి తల్లి రాసింది, ఒకటి తండ్రి, ఒకటి టీచరు. పేర్లూ స్కూళ్ళూ తీసేశాను. వయసు, తరగతి మాత్రం ఉంచాను, ఎందుకంటే ఈ చట్టాల్లో సగం లెక్క వయసు దగ్గరే తేలుతుంది.

ప్రశ్న: మాది నెల్లూరు. పదకొండేళ్ళుగా వేళచ్చేరిలో ఉంటున్నాం. మా పాపకి 13 ఏళ్ళు, 8వ తరగతి. వెనక బెంచీలో కూర్చునే అబ్బాయి స్కూళ్ళు తెరిచినప్పటి నుంచీ బ్రా స్ట్రాప్ లాగి వదలడం, ఒంటి గురించి బూతులు మాట్లాడటం, నోట్‌బుక్కులో పిచ్చి బొమ్మలు గీయడం. క్లాస్ టీచర్‌కి చెబితే మా పాపనే తీసుకెళ్ళి గోడవైపు చివరి బెంచీలో కూర్చోబెట్టింది. కిందటి నెల వాడు పాప మొహాన్ని ఏదో బట్టల్లేని ఫొటోకి అతికించి క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళితే "సీటు మార్చాం కదమ్మా, ఇంకేం చెయ్యమంటారు, ఇద్దరూ పిల్లలే, బయటికి పొక్కితే మీ అమ్మాయికే చెడ్డపేరు" అన్నారు. మా ఆయన టీసీ తీసుకుని వచ్చేద్దాం అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడేమో అమెరికాలో అయితే స్కూలు మీద కోట్లకు దావా వేసేవాళ్ళం అంటున్నాడు. ఇక్కడ స్కూలుకి ఏ బాధ్యతా లేదా? పోలీసుల దగ్గరికి వెళ్దామంటే నాకు తమిళం మాట్లాడటం వచ్చు గానీ రాయడం రాదు.

జవాబు: ఉందమ్మా, బాగానే ఉంది. కాకపోతే మీ తమ్ముడు వెతుకుతున్న చోట కాదు. ఆ అబ్బాయి చేసిన పనికి స్కూలుని నేరస్తుణ్ణి చెయ్యలేం. ఆ పని జరిగిందని తెలిశాక స్కూల్లో పెద్దవాళ్ళు ఏం చేశారు, ఏం చెయ్యకుండా కూర్చున్నారు, అక్కడ పట్టుకోవాలి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఒళ్ళు మండింది ఆ బెంచీ దగ్గర. వేధించినవాడు కూర్చున్నచోటే కూర్చున్నాడు, వేధింపు పడ్డ పిల్ల పుస్తకాల సంచీ సర్దుకుని గోడ పక్కకి పోయింది. క్లాసులో మిగతా నలభై మంది పిల్లలకీ ఆ రోజు ఏం అర్థమై ఉంటుందో ఆ టీచరమ్మ ఆలోచించిందో లేదో.

జరిగినదానికి చట్టంలో ఏం పేరుందో ముందు చూద్దాం, రేపు మీతో ఎవరూ "అల్లరి" అనకుండా. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడటానికి తెచ్చిన 2012 నాటి పోక్సో చట్టానికి 18 ఏళ్ళు నిండని వాళ్ళందరూ పిల్లలే. లైంగిక ఉద్దేశంతో ఒంటి మీద చెయ్యి వెయ్యడం 7వ సెక్షన్ కిందికి వస్తుంది. చొక్కా మీంచే కదా లాగాడు అని ఎవరైనా అంటే ఒక సంగతి గుర్తుంచుకోండి: బట్టల మీంచి తాకితే ఆ సెక్షన్ వర్తించదని 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఒక తీర్పు ఇస్తే దేశమంతా గోల అయింది, అదే ఏడాది నవంబరు 18న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, చర్మానికి చర్మం తగిలిందా లేదా అని కాదు, ఉద్దేశమేమిటో చూడండి అంది. బూతు మాటలు, సైగలు, బొమ్మలు చూపించడం, వెంటపడటం 11వ సెక్షన్. ఫొటో సంగతైతే పోక్సోతో పాటు ఐటీ చట్టం 67బి సెక్షన్ కూడా ఉంది.

ఆ ఫొటో విషయంలో ఒక జాగ్రత్త చెబుతాను, ఇది కోపంలో చాలామంది తల్లిదండ్రులు చేసే తప్పు. సాక్ష్యం కదా అని దాన్ని మీ ఆయనకీ, తమ్ముడికీ, ప్రిన్సిపాల్‌కీ, పేరెంట్స్ గ్రూపుకీ పంపకండి. మంచికే అయినా సరే, పంపితే మీరూ ఇరుక్కునే ప్రమాదం ఉంది. అలాంటి చిత్రాలు ఫోన్లో దింపుకుని చూసినంత మాత్రాన నేరం కాదని 2024 జనవరిలో మన మద్రాస్ హైకోర్టు ఒక చెన్నై కేసుని కొట్టేస్తే, సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఆ తీర్పుని రద్దు చేసింది. తీసెయ్యకుండా, పోలీసులకి చెప్పకుండా దాచుకోవడం కూడా నేరం కిందికి రావచ్చని ఇప్పుడు చట్టం అంత గట్టిగా ఉంది. ఎవరి ఫోన్లో వచ్చిందో అందులోనే ఉంచి, ఆలస్యం చెయ్యకుండా పోలీసులకి చూపించండి. వాళ్ళే తీసుకుంటారు. ఆ నోట్‌బుక్కు కూడా పారెయ్యకండి, పేజీ చించకండి.

ఇప్పుడు స్కూలు. పోక్సో 19వ సెక్షన్ ఎవరూ చదవరేమో. నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న అనుమానం కలిగినా, ఎవరైనా సరే, పోలీసులకి చెప్పి తీరాలి. ఎవరైనా అంటే ఎవరైనా. టీచరు, ప్రిన్సిపాల్, కరస్పాండెంట్, కౌన్సెలర్, ఆయా. "ముందు మేం లోపల ఎంక్వయిరీ చేసుకుంటాం, నిజమని తేలితే అప్పుడు చూద్దాం" అనే వెసులుబాటు ఆ సెక్షన్లో ఎక్కడా లేదు. నిజమా కాదా తేల్చడం పోలీసుల పని, కోర్టు పని. స్కూలు పని చెప్పడం. చెప్పకపోతే 21వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ పెద్దలకి ఏడాది దాకా అని కూడా అందులో ఉంది గానీ అది తన కింద పనిచేసేవాళ్ళు చేసిన నేరాన్ని దాచినప్పుడు, అంటే ఏ టీచరో అటెండరో చేసినప్పుడు. విద్యార్థి చేసినదానికి ఆరు నెలల సెక్షనే నేను రాయిస్తాను. ఎక్కువ శిక్ష ఉందని పెద్ద సెక్షన్ పట్టుకుంటే మొదటి వాయిదాలోనే అవతలి లాయరుకి పని దొరుకుతుంది.

ఇది కాగితం మీద ఉండే సెక్షన్ అని కొట్టిపారేసే రోజులు పోతున్నాయి. మహారాష్ట్రలో చంద్రాపూర్ జిల్లాలో ఒక స్కూలు హాస్టల్ అమ్మాయిల మీద అత్యాచారం జరిగిందని తెలిసి కూడా చెప్పలేదని ఒక డాక్టర్ మీద కేసు పెడితే హైకోర్టు కొట్టేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ కేసుని మళ్ళీ నిలబెట్టి, తెలిసి చెప్పకపోవడం చిన్న తప్పు కాదని తేల్చింది. 2024 ఆగస్టులో బదలాపూర్‌లో చిన్నపిల్లల మీద స్వీపర్ చేసిన అఘాయిత్యం బయటపడినప్పుడు కూడా, వాడి మీద కేసుతో పాటు స్కూలు అధ్యక్షుడి మీద, కార్యదర్శి మీద పోలీసులకి చెప్పలేదని కేసు పెట్టారు. మీ ప్రిన్సిపాల్‌కి ఆ వార్త తెలియదనుకోను.

జైలు సంగతి అలా ఉంచితే, స్కూలు గేటు లోపలికి పిల్లని పంపాక ఆ పిల్లని చూసుకోవలసిన బాధ్యత స్కూలుదే అన్నది మన కోర్టులకి కొత్త కాదు. 1995లో పఠాన్‌కోట్ దగ్గరి డల్హౌసీ పబ్లిక్ స్కూలు పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళితే బియాస్ నదిలో 14 మంది మునిగిపోయారు, ఆ నిర్లక్ష్యానికి ఒక్కో కుటుంబానికి 5 లక్షల పరిహారాన్ని సుప్రీంకోర్టు 2001లో ఖాయం చేసింది. అది వేధింపు కేసు కాదు, ఒప్పుకుంటాను, కానీ నిర్లక్ష్యం మీద సివిల్ దావా వెయ్యాలంటే మా లాయర్లం ముందు చూపించే తీర్పుల్లో అదొకటి. గురుగ్రామ్‌లో 2017లో స్కూల్లోనే హత్యకి గురైన పిల్లవాడి తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాక, కేంద్ర విద్యాశాఖ 2021లో పిల్లల భద్రతకి స్కూలు యాజమాన్యమే జవాబుదారీ అంటూ మార్గదర్శకాలు తెచ్చింది. మీరు రాసే అర్జీలో వాటి ప్రస్తావన పెట్టండి.

మీ తమ్ముడు చెప్పేది పూర్తిగా తప్పేం కాదు. అక్కడ చదువుల్లో ఆడ, మగ వివక్షని నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ అనే చట్టం ఉంది, ప్రభుత్వం సొమ్ము తీసుకునే విద్యాసంస్థలకి వర్తిస్తుంది. జార్జియా రాష్ట్రం మన్రో కౌంటీలో ఐదో తరగతి అమ్మాయిని పక్క సీటు అబ్బాయి నెలల తరబడి వేధించాడు, తల్లీ కూతురూ చెబుతూనే ఉన్నారు, మూడు నెలలు దాటితే గానీ ఆ పిల్లని వేరే సీట్లో కూర్చోనివ్వలేదు. చూశారా, అక్కడా సీటే! 1999లో అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురు అటు, నలుగురు ఇటు అయి, తోటి విద్యార్థి చేసినదానికి కూడా స్కూళ్ళు నడిపే బోర్డు మీద దావా వెయ్యొచ్చని చెప్పింది. కానీ షరతులు గట్టివి: స్కూలుకి ఆ సంగతి నిజంగా తెలిసి ఉండాలి, తెలిసీ పట్టించుకోకుండా వదిలేసి ఉండాలి, వేధింపు ఆ పిల్ల చదువుకే అడ్డమయ్యేంత తీవ్రంగా, పదే పదే జరిగి ఉండాలి. ఊరికే కోట్లు రాలవు. అక్కడ డబ్బు దావా ముందు, ఇక్కడ పోలీసులకి చెప్పడం ముందు. రెండు చోట్లా అడిగే ప్రశ్న మాత్రం ఒకటే, మీకు ఎప్పుడు తెలిసింది?

అందుకే చెబుతున్నాను, మీరు ఇన్నాళ్ళూ నోటితో చెప్పారు, అది చాలదు. రేపు "మాకెవరూ చెప్పలేదు, సీటు గురించి అడిగితే మార్చాం" అంటారు. ఇవాళే ఒక ఉత్తరం రాయండి. ఎప్పటి నుంచి ఏం జరిగింది, క్లాస్ టీచర్‌కి ఏ తేదీన చెప్పారు, ఆమె ఏం చేసింది, ప్రిన్సిపాల్ ఏమన్నారు, ఆయన మాటలు ఆయన మాటల్లోనే. ఇంగ్లీషులో రాసినా పర్లేదు, భాష బాగుండక్కర్లేదు, తేదీలు బాగుండాలి. ప్రిన్సిపాల్‌కి ఒకటి, కరస్పాండెంట్‌కి ఒకటి. ఆఫీసులో ఇచ్చి కాపీ మీద సీలు, సంతకం వేయించుకోండి. వాళ్ళు వెయ్యం అంటే అదే ఉత్తరం మెయిల్ చేసి, స్పీడ్ పోస్టులో కూడా పంపండి. కదపవలసింది అబ్బాయిని గానీ అమ్మాయిని కాదని, వేరే సెక్షన్‌కి మార్చమని, పోలీసులకి తెలియజేశారా లేదా చెప్పమని అందులో అడగండి.

స్కూలు జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. మన ఊళ్ళో ఇలాంటి కేసులు మహిళా పోలీస్ స్టేషన్లు చూస్తాయి, 1992లో తమిళనాడులో మొదటి మహిళా స్టేషన్ పెట్టింది ఇక్కడ థౌజండ్ లైట్స్‌లోనే. తమిళం రాయడం రాదని బెంగపడకండి. ఫిర్యాదు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఇవ్వండి. పాప వాంగ్మూలం తనకి రాని భాషలో రాస్తుంటే దుబాసీని ఇవ్వాలని 19వ సెక్షన్లోనే ఉంది. పాపని స్టేషన్‌కి తిప్పక్కర్లేదు. ఇంటికో, తనకి ఇష్టమైన చోటుకో వచ్చి, వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా, మీ ఎదురుగానే రాసుకోవాలి. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకి తెలపాలి. పాప పేరు, స్కూలు పేరు పేపర్లో రాయడం నేరం, కాబట్టి ఆ "చెడ్డపేరు" బెదిరింపుకి విలువ లేదు. స్టేషన్ గడప తొక్కడానికి ధైర్యం చాలకపోతే 1098కి ఫోన్ చెయ్యండి, లేదా తమిళనాడు విద్యాశాఖ వాళ్ళ 14417కి. లాయరుకి ఇచ్చుకోలేమనుకుంటే న్యాయసేవల వాళ్ళది 15100.

టీసీ గురించి. పాప అక్కడ ఉండలేనంటే తప్పకుండా మార్చండి, దానికి నేను అడ్డు చెప్పను, పిల్ల నిద్ర కేసు కంటే ముఖ్యం. టీసీ తీసుకున్నా కేసు పోదు. కానీ ముందు పాపని అడగండి. తన ఫ్రెండ్స్, తన డాన్స్ క్లాసు అన్నీ ఆ స్కూల్లోనే ఉంటే, గోడ పక్క బెంచీలాగే టీసీ కూడా తనకి శిక్షలాగే కనిపిస్తుంది.

ప్రశ్న: మేం పెరంబూర్‌లో ఉంటాం. మా వాడికి 13 ఏళ్ళు, 8వ తరగతి. క్లాసులో ఒక అమ్మాయిని ఎక్కడపడితే అక్కడ తాకాడని స్కూలు వాళ్ళు పిలిచి, వాడిచేత క్షమాపణ రాయించుకున్నారు. సోమవారం లోపు టీసీ తీసుకుంటే సరే, లేకపోతే పోలీసులకి ఇస్తాం అంటున్నారు. మా బావగారు అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళి స్టాంపు పేపరు మీద రాజీ రాయించుకుందాం అంటున్నారు. మా వాడు జైలుకి వెళతాడా? — ఒక తండ్రి

జవాబు: వెళ్ళడండీ. ముందు ఆ భయం పక్కన పెట్టండి, ఎందుకంటే ఆ భయంలోనే మీ బావగారు చెప్పినలాంటి పనులు చేస్తారు.

నేరం చేసింది కూడా పిల్లవాడే అయితే ఆ కేసు 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం నడవాలని పోక్సో 34వ సెక్షనే చెబుతుంది. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండే బోర్డు ముందుకి వెళుతుంది. లాకప్పులో పెట్టకూడదు. పెద్దవాళ్ళలా విచారించే అవకాశం 16 దాటినవాళ్ళకే, అదీ ఘోరమైన నేరాలకే. మీ వాడి వయసులో మందలింపు, కౌన్సెలింగ్, సమాజసేవ, తల్లిదండ్రుల పూచీ మీద వదలడం లాంటివి ఉంటాయి, మరీ అవసరమైతే ప్రత్యేక గృహం. ఆ తరువాత ఉద్యోగానికో పాస్‌పోర్టుకో ఇది మచ్చగా అడ్డు రాకూడదని 24వ సెక్షన్ రాశారు. వాడి పేరు బయటపెట్టడం కూడా నేరమే.

స్కూలు మీకు పెట్టిన బేరం చూడండి, టీసీ తీసుకుంటే పోలీసులకి చెప్పం అట. వాళ్ళకి తెలిసిందని వాళ్ళే ఒప్పుకుంటున్నారు, చెప్పకుండా ఉంటామని కూడా వాళ్ళే అంటున్నారు. పై ఉత్తరానికి రాసిన జవాబు చదివితే ఇదెంత తెలివితక్కువ బేరమో తెలుస్తుంది. పైగా 8వ తరగతి పూర్తయ్యే దాకా పిల్లల్ని స్కూలు నుంచి గెంటెయ్యకూడదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్. ఒక చిక్కు ఉంది: మైనారిటీ స్కూళ్ళకి ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు, చెన్నైలో మన తెలుగువాళ్ళ స్కూళ్ళే కొన్ని భాషా మైనారిటీ హోదాలో ఉన్నాయి. మీ స్కూలు ఏ కోవలోదో కనుక్కోండి.

రాజీ మాత్రం వద్దు. రాజస్థాన్‌లో ఒక టీచర్ మీద పెట్టిన పోక్సో కేసుని, అమ్మాయి తండ్రితో స్టాంపు పేపరు రాజీ చూపించి హైకోర్టులో కొట్టేయించుకుంటే 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ కేసుని తిరిగి తెరిచింది. మీరు ఆ ఇంటికి వెళితే బెదిరించడానికి వచ్చారనే అంటారు, అనకపోయినా ఆ పిల్ల తలుపు చాటు నుంచి చూస్తూ ఉంటుంది కదండీ. వెళ్ళకండి. వేరే సెక్షన్‌కి మీరే అడిగి మార్పించండి, పిల్లల మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. ఫోన్లో ఏం చూస్తున్నాడో, వాడి మీద కూడా ఎవరైనా ఇలాంటిదేమైనా చేశారేమో నెమ్మదిగా అడగండి. కొట్టి అడిగితే చెప్పడు.

ప్రశ్న: నేను టి.నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. 6వ తరగతి పిల్లవాణ్ణి టాయిలెట్లో 10వ తరగతి అబ్బాయి రెండుసార్లు పట్టుకుని పాడు పనులు చేశాడట, ఏడుస్తూ నాకే చెప్పాడు. హెచ్ఎంకి చెప్పాను. "మగపిల్లలే కదా, నేను చూసుకుంటాను" అన్నారు. వారం అయింది. నా బాధ్యత తీరినట్టేనా? ఉద్యోగం పోతుందని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తీరలేదు మేడమ్. 19వ సెక్షన్ చెప్పమన్నది పోలీసులకి, హెచ్ఎంకి కాదు. మీ నోటితో హెచ్ఎంకి చెప్పారు కాబట్టి ఇప్పుడు తెలిసినవాళ్ళు ఇద్దరయ్యారు, అంతే. ఆయన చెప్పకపోతే ఆయనకి ఆరు నెలల సెక్షన్, మీరు చెప్పకపోతే మీకూ అదే. మగపిల్లలే అన్న మాటకి ఈ చట్టంలో చోటు లేదు, బాధితుడు మగపిల్లవాడైనా ఆడపిల్లైనా పోక్సో ఒకటే. పైగా మీరు రాసినదాంట్లో ఆ "పాడు పనులు" ఏమిటన్నదాన్ని బట్టి అది చాలా పెద్ద సెక్షన్ కావచ్చు. మీరు ఆ పిల్లవాణ్ణి మళ్ళీ కూర్చోబెట్టి వివరాలు అడగకండి. తను చెప్పిన మాటలు, తేదీ, టైము ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, చాలు. తల్లిదండ్రులకి తెలుసో లేదో కనుక్కుని, తెలియకపోతే ఇవాళే చెప్పండి.

మంచి మనసుతో సమాచారం ఇచ్చినవాళ్ళ మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ ఏ కేసూ నిలవదని అదే సెక్షన్ రక్షణ ఇస్తుంది. రేపు విచారణలో అది నిజం కాదని తేలినా సరే. ఉద్యోగం మాటకొస్తే, తీసెయ్యరని నేను హామీ ఇవ్వలేను, ప్రైవేటు స్కూళ్ళ తీరు మీకు నేను చెప్పాలా. కానీ తీసేస్తే అది ఫిర్యాదు చేసిన మర్నాడే తీశారని చూపించడానికి మీ దగ్గర తేదీ ఉండాలి. కాబట్టి హెచ్ఎంకి ఇవాళ రాతపూర్వకంగా ఇవ్వండి, వాట్సాప్‌లో అయినా సరే, "ఫలానా రోజు మీకు చెప్పాను, పోలీసులకి తెలియజేస్తున్నాను" అని రెండు ముక్కలు. తరువాత స్టేషన్‌కి వెళ్ళండి, లేదా 1098కి చెప్పి వాళ్ళ ద్వారా వెళ్ళండి. స్టేషన్లో సీఎస్ఆర్ (కమ్యూనిటీ సర్వీస్ రిజిస్టర్) రసీదు ఒకటి చేతిలో పెట్టి ఇక వెళ్ళిరండి అంటారు. తీసుకోండి, అది అర్జీ అందినట్టు రుజువు మాత్రమే. కేసు రిజిస్టర్ అయిందా, నంబరు ఎంత అని అడిగి, అది కూడా ఆ రసీదు వెనక రాసుకుని రండి.